నడిమి కాగితం

ఇలా రా తల్లీ. ఆ కుర్చీ వదిలేసి నా పక్కన మంచం మీద కూర్చో. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు, ఎత్తుదామన్నా నా గొంతు ఇప్పుడు గుమ్మం దాటదు. కాళ్ళు పైకి పెట్టుకో. మధ్యలో ఫోన్ మోగితే తీయకు, నాకు దారం తెగిపోతుంది.

నేను బడికి వెళ్ళింది మూడేళ్ళు. అక్షరాలు వచ్చు. కానీ అవి ఒకదాని పక్కన ఒకటి చేరి మాటలయ్యేసరికి నాకు పొద్దుగూకుతుంది. కాగితం సంగతి మాత్రం నన్ను అడుగు. ఇరవై రెండేళ్ళు బైండింగ్ షాపులో ఫారాలు మడిచాను. పెద్ద కాగితాన్ని మూడు మడతలు వేస్తే ఏ పేజీ ఎక్కడికి వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఎన్ని వేల పుస్తకాలు ఈ చేతుల మీదుగా పోయాయో లెక్కలేదు, ఒక్కదాన్నీ చదివిన పాపాన పోలేదు. నవ్వకు.

అప్పట్లో మా అబ్బాయి లారీ ఎక్కితే మళ్ళీ పదిహేను రోజులకు గానీ ఇల్లు చూసేవాడు కాదు. కోడలు ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో ఎప్పుడూ ఉండేది నేనూ, ఇద్దరు మనవరాళ్ళూ. పెద్దది, చిన్నది. పెద్దదానికి ఇరవై నాలుగు, ఒక అచ్చు సంస్థలో పేజీలు డిజైన్ చేసేది. చిన్నదానికి పదహారు. ఏడు నెలలుగా అది స్నానానికి తప్ప వెనక గది దాటి బయటికి రాలేదు.

ఎందుకంటే చెబుతాను. చిన్నది పాడేది. వంటగదిలో గిన్నెలు కూడా ఊరుకుని వినేవి, అలా పాడేది. బళ్ళో పాటల పోటీకి స్టేజీ ఎక్కింది. మధ్యలో గొంతు జీరపోయి, ఒక కీచు శబ్దం వచ్చి ఆగిపోయింది. ఎవరికైనా జరిగేదే. కానీ ఆ ముక్కని ఎవరో ఫోన్లో పట్టారు. సాయంత్రానికి బడంతా అదే వింది. మర్నాటికి దానికి మేక అరుపు కలిపారు. వారం తిరిగేసరికి వేరే బళ్ళ పిల్లలు కూడా వీధిలో దీన్ని చూసి మేకలా అరిచారు. అంతే, ఒకరోజు వచ్చి గదిలో గొళ్ళెం పెట్టుకుంది. కోడలు ఎవరెవరో డాక్టర్ల దగ్గరికి వెళ్దామంది. అది మంచం దిగితే కదా.

ఆ గదిలోకి రోజూ వెళ్ళగలిగింది పెద్దది ఒక్కతే. ఆఫీసు నుంచి రాగానే మొహం కూడా కడుక్కోకుండా వెళ్ళి దాని పక్కన కూర్చునేది. ఒక వైరు దీని చెవిలో, ఒక వైరు దాని చెవిలో. గంటసేపు ఏదో పాటలు వినేవారు. మాటలుండవు. నేను తలుపు సందులోంచి చూసి, ఆ ఒక్క గంట కోసమే చిన్నది మిగతా ఇరవై మూడు గంటలూ ఊపిరి తీస్తోందని అనుకునేదాన్ని. చిన్నదానికి నల్లట్ట పుస్తకం ఒకటి ఉండేది. అందులో ఏదో రాసుకునేది, బొమ్మలు గీసుకునేది. అది పరుపు కింద ఉండేది. పెద్దదానికి కూడా చూపించేది కాదు.

ఇక పత్రిక సంగతి. పెద్దది పనిచేసే సంస్థ పరీక్షల గైడ్లు అచ్చువేసేది. వాళ్ళకి ఉన్నట్టుండి పదిహేను, పద్దెనిమిదేళ్ళ మధ్య పిల్లల కోసం సంగీత పత్రిక తేవాలని బుద్ధి పుట్టింది. గైడ్ల విభాగంలో ఉన్నాయన్ని తెచ్చి ఎడిటర్ని చేశారు. ఆయన రోజూ గళ్ళ చొక్కాయే వేసుకునేవాడు. మా పెద్దది ఇంట్లో ఆయన్ని గళ్ళ చొక్కా అనే అనేది. చెడ్డవాడేం కాదు. పిల్లల గురించి మాత్రం ఆయనకి తెలిసిందల్లా పరీక్ష ఫలితాలే.

డమ్మీ అంటే తెలుసు కదా? అచ్చుకి ముందు పత్రిక ఎలా ఉంటుందో చూడ్డానికి ఒక నమూనా కుట్టి చూస్తారు. పెద్దది నెలరోజులు కష్టపడి డమ్మీ చేసింది. పన్నెండు మంది పిల్లల్ని ఆఫీసుకి పిలిచి, బల్ల చుట్టూ కూర్చోబెట్టి చేతికిచ్చారు. ఒకడు దాంతో విసురుకున్నాడట. ఒక అమ్మాయి చివరి పేజీ నుంచి మొదటి పేజీకి రెండు నిమిషాల్లో తిప్పేసి, "ఇది మా బళ్ళో లెక్కల టీచర్ పాట పాడినట్టుంది" అందట. గళ్ళ చొక్కా నవ్వలేదు. "పది రోజులు. ఈసారి కూడా ఇలాగే ఉంటే పత్రిక మూసేస్తారు, దాంతో పాటు నీ కుర్చీ నా కుర్చీ కూడా" అన్నాడట.

పెద్దది ఆ రోజు ఇంటికొచ్చి గోడకి తల ఆనించి నిలబడింది.

"ఏమైందే?"

"వాళ్ళకేం కావాలో నాకు తెలీట్లేదు నానమ్మా. రంగులు మార్చాను, అక్షరాలు మార్చాను. దగ్గరికి రావట్లేదు. ఎవరో అద్దం అవతల నుంచి మాట్లాడినట్టుంది."

"నీకు పదహారేళ్ళ పిల్ల ఇంట్లోనే ఉంది కదే. దాన్నడుగు."

"అడిగితే చెప్తుందా? మ్యూజిక్ అన్న మాట ఎత్తితేనే వైరు లాగేసుకుంటుంది."

తొమ్మిది రోజులు తిండి సరిగ్గా తినలేదు పెద్దది. కంచంలో మెతుకుల్ని పేజీలా సర్దేది, ఇటు బొమ్మ, అటు అక్షరాలు అన్నట్టు. పదో రోజు పొద్దున, చిన్నది స్నానాల గదిలో ఉండగా, నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకుంది.

"నానమ్మా, ఆ నల్లట్ట పుస్తకం ఒక్కసారి తీసివ్వు. ఎలా ఉంటుందో చూసి, అలాంటిది నేను గీసుకుంటాను. ఒక్క పేజీ ఫొటో తీసుకుంటా. అచ్చులో వేయను. నీ మీద ఒట్టు."

"నువ్వే తీసుకోవచ్చుగా?"

"నాకు ధైర్యం లేదు."

నాకుంది చూడు ధైర్యం! స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినబడుతూనే ఉంది. వెళ్ళి పరుపెత్తి పుస్తకం తీశాను. తిప్పాను. నాకేం తెలుసు, చీమల బారుల్లా రాతలు. ఒకచోట రెండు పేజీల నిండా మెట్ల బొమ్మ కనబడింది. ఎన్నో మెట్లు, పైకి పైకి, కింద చివరి మెట్టు మీద గోరంత ఆడపిల్ల. చుట్టూ గుండ్రంగా రాత. ముద్దుగా ఉంది. "ఇది బాగుంది, ఇది తీసుకో" అన్నాను. పేజీ ఎంచింది నేనే తల్లీ. పెద్దది కూడా కాదు. అది ఫొటో తీసింది, నేను పుస్తకం ఎప్పటిలా పరుపు కింద పెట్టేశాను. నీళ్ళ చప్పుడు ఆగింది.

వాళ్ళ ఆఫీసులో డిజైన్ బల్లల దగ్గర ఒక అలవాటుండేది. ఫొటో ఇంకా రాకపోతే ఆ చోటు ఖాళీగా ఉండకుండా దొరికిన ఫొటో ఏదో పెట్టేవారు. వ్యాసం రాకపోతే ఏవో అక్షరాలు పోసేవారు. పెట్టి, దాని చుట్టూ గులాబీ రంగు గీత గీసేవారు. గీత ఉందంటే ఇది అసలుది కాదు, తీసేసి అసలుది పెట్టాలి అని గుర్తు. గీత ఉన్న పేజీ ప్రెస్సుకి పోకూడదు. సొంతంగా గీసే టైము లేక, పెద్దది ఆ మెట్ల బొమ్మనే పత్రిక సరిగ్గా మధ్యలో, రెండు పేజీలు పూర్తిగా విచ్చుకునే చోట పెట్టింది. దాని చుట్టూ గులాబీ గీత కూడా గీసింది. కంగారులో వంకరగా గీసింది.

ఆ సాయంత్రం మళ్ళీ పిల్లలొచ్చారు. ఈసారి ఎవరూ విసురుకోలేదు. మధ్య పేజీ దగ్గర ఆగిపోయారట. లెక్కల టీచర్ అన్న పిల్లే తలెత్తి, "ఇది ఎవరు రాశారు?" అని అడిగిందట. ఇంకొకడు "ఈ గులాబీ గీత చూడు, ఎవరో చేత్తో దిద్దినట్టుంది, పత్రికంతా ఇలాగే ఉంటే బాగుండు" అన్నాడట.

గళ్ళ చొక్కా గైడ్ల మనిషి కదా, గీత సంగతి ఆయనకెవరు చెప్పారు! అది అలంకారమే అనుకున్నాడు. పెద్దది "సార్, ఆ పేజీ ఇంకా మార్చాలి" అంటే, "మీ డిజైనర్లకి ఎప్పుడూ ఇంకా మార్చాలనే ఉంటుంది. ఆ ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోకు" అన్నాడు. "లేదు సార్, అది..." అని ఇది ఆగిపోయింది. మా చెల్లెలి పుస్తకం దొంగిలించి తెచ్చానని అంతమందిలో ఎలా అంటుంది? సోమవారం ప్రెస్సుకి ఇచ్చేలోపల అలాంటిదే సొంతంగా గీసి పెట్టేద్దాం, లేదా చిన్నదాన్ని అడిగేద్దాం అనుకుంది. అది శుక్రవారం.

శనివారం ప్రెస్సులో మెషిన్ ఖాళీగా ఉందని కబురొచ్చింది. గళ్ళ చొక్కా సంబరంగా ఫైలు పంపేశాడు.

ఆదివారమంతా పెద్దది ఇంట్లో పిల్లిలా తిరిగింది. చిన్నదాని తలుపు దాకా వెళ్ళేది, చెయ్యెత్తేది, దించేసేది. ఆ రోజు పాటలు వినడానికి కూడా వెళ్ళలేదు. నేను చూస్తూనే ఉన్నాను. వెళ్ళి తట్టు అని నేనూ అనలేదు. అప్పటికే రెండు వేల ప్రతులు అచ్చయి, పిన్నులు కొట్టి, యాభై యాభై కట్టలు కట్టేశారని మా ఇద్దరికీ తెలీదు.

సోమవారం పదిన్నరకి ఫోన్. "నానమ్మా" అంది. ఆ తర్వాత ఎక్కిళ్ళే. ప్రెస్సుకి రమ్మంటోందని మాత్రం అర్థమైంది. బస్సులో నాలుగు స్టాపులు.

ప్రెస్సు గోడౌన్లో కట్టలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. తడి సిరా వాసన. పదేళ్ళ తర్వాత ఆ వాసన ముక్కుకి తగిలితే ఇంటికొచ్చినట్టనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గేసింది. పెద్దది ఒక ప్రతి చేతికిచ్చింది. నడుమ తెరిచాను. మెట్లు. గోరంత పిల్ల. చుట్టూ గులాబీ గీత, వంకరగా, మెరుస్తూ.

"ఇందులో ఏం రాసుందే?"

పెద్దది తల అడ్డంగా ఊపింది.

గళ్ళ చొక్కా అక్కడే ఉన్నాడు. దండం పెట్టినంత పనిచేసింది పెద్దది. "సార్, ఇది ఆపండి. ఇది నా చెల్లెలిది. అడగకుండా తెచ్చాను."

"ఏంటమ్మా నువ్వు! పేరు లేదు, ఫొటో లేదు. ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? పత్రికకి గుండెకాయ అది. నాలుగింటికి వ్యాన్ వస్తుంది."

"నడిమి కాగితమే కదా నాయనా" అన్నాను నేను. "పిన్ను కాళ్ళు లేపితే విడిగా వచ్చేస్తుంది. మిగతాది చెక్కుచెదరదు. నేను తీస్తాను."

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "పెద్దమ్మా, రెండు వేలు."

"నేను లక్షలు చూశాను లే."

"కుదరదు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

పెద్దది నా కొంగు పట్టుకుంది. "చిన్నదానికి చెప్పొద్దు నానమ్మా. ఎలాగోలా ఆపుదాం. తెలిస్తే అది బతకదు." నాకూ మొదట అదే తోచింది. కానీ ఎలాగోలా అంటే ఎలా? ఆయన వినడు, వ్యాన్ ఆగదు. రేపో ఎల్లుండో ఎవరో ఒకరు ఆ పేజీని ఫొటో తీసి దాని ఫోన్‌కే పంపుతారు. అప్పుడది గదిలో ఒంటరిగా ఉంటుంది. నాకు ఆ ఊహకే కాళ్ళు లేచాయి. మళ్ళీ బస్సెక్కాను.

ఇంటికొచ్చి వెనక గది తలుపు తట్టాను.

"తినేశాను నానమ్మా" అంది లోపల్నుంచి.

"తిండి కాదే. నేనొక దొంగతనం చేశాను. తలుపు తియ్యి."

"ఏం దొంగతనం?"

చెప్పాను. తలుపుతోనే చెప్పాను అంతా. పుస్తకం, నీళ్ళ చప్పుడు, ఫొటో, గీత, రెండు వేలు. అక్క అచ్చు వేయాలనుకోలేదని కూడా చెప్పాను.

"ఏ పేజీ?"

"మెట్లది. నేనే ఎంచాను తల్లీ. నాకు చదవడం రాదు కదా, బొమ్మ బాగుందని..."

లోపల ఏదో నేల మీద కూలబడిన చప్పుడు. అది ఏడ్చి ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఏడవలేదు. తలుపు విరగ్గొట్టడానికి పక్కింటి వాళ్ళని పిలవాలా అని లేచాను కూడా. అప్పుడు గొళ్ళెం తీసిన శబ్దమైంది.

ఏడు నెలల తర్వాత పగటి వెలుగులో దాన్ని దగ్గరగా చూశాను. కాగితంలా తెల్లబడిపోయింది. గుమ్మం పక్కన దాని బూట్లున్నాయి, దుమ్ముపట్టి. కాలు దూర్చింది, పట్టలేదు. గదిలో కూర్చుని కూర్చునే పాదాలు పెరిగాయి పిల్లకి. నా చెప్పులు విడిచి దాని ముందుకి తోశాను. అవి వేసుకుంది. నేను కోడలి పాత చెప్పులేసుకున్నాను. బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. వీధిలో ఎవరో పిల్లలు గట్టిగా నవ్వితే దాని భుజాలు చెవుల దాకా లేచాయి.

గోడౌన్లోకి వచ్చాక అక్క వైపు చూడనే లేదు. గళ్ళ చొక్కా ఎదురొచ్చాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"మధ్య పేజీ నాది."

ఆయన మొహం వెలిగింది, పాపం నిజంగానే. "ఎంత బాగా రాశావమ్మా! పిల్లలు కదలకుండా చదివారు తెలుసా?"

"నన్ను అడిగారా?"

"పేరు వేయలేదు కదా తల్లీ, ఎవరు గుర్తుపడతారు?"

చిన్నది ఆయన జేబులోని పెన్ను తీసుకుంది. కట్టకి చుట్టిన గోధుమరంగు కాగితం మీద ఒక వాక్యం రాసి, పక్కన పత్రిక తెరిచి పెట్టింది. నాకే తెలిసిపోయింది, చదువు రానిదానికి. అవే సున్నాలు, అవే తోకలు.

"మా బళ్ళో గేటు దగ్గర నల్లబోర్డు మీద రోజూ మంచి మాట నేనే రాసేదాన్ని. రెండేళ్ళు రాశాను. ఆరొందల మంది ఈ రాత చదివి లోపలికి వెళ్ళేవాళ్ళు. నన్ను చూసి అరిచినవాళ్ళు కూడా."

ఆయన పెన్ను వెనక్కి తీసుకోవడం మర్చిపోయాడు. చాలాసేపు ఆ రెండు రాతల్నీ చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని, "వ్యాన్ నాలుగింటికే. ఆపడం నా చేతుల్లో లేదు. ఈలోపు ఎన్ని తీస్తే అన్ని. మిగిలినవి అలాగే పోతాయి" అన్నాడు. పెద్దదాని వైపు తిరక్కుండానే, "నువ్వు రేపట్నుంచి రావద్దు" అన్నాడు. "సరే సార్" అంది పెద్దది. ఆ మాట దానికి వినబడిందో లేదో కూడా నాకు అనుమానమే. అప్పటికే ఒక కట్ట తాడు విప్పుతోంది.

అప్పుడు మెషిన్ మేస్త్రీ తల గోక్కుంటూ వచ్చాడు. "సార్, రెండు కట్టలు పొద్దున్నే శాంపిల్‌గా పోయాయి. ఇక్కడికి దగ్గర కదా అని ఈ పక్క బడికి ఇచ్చేశాను."

ఆ బడి చిన్నదాని బడే.

పెద్దది కట్ట వదిలేసి లేచింది. "నేను వెళ్తాను. నేను తెస్తాను."

"నువ్వు ఇక్కడ తియ్యి" అంది చిన్నది. ఆ రోజు అక్కతో అన్న మొదటి మాట అదే. "నాది నేను తెచ్చుకుంటా."

దారిలో దానికి పిన్ను తీయడం నేర్పాను. లాగితే కాగితం చిరుగుతుంది. ఒక సగం చించితే రెండో సగం పుస్తకంలోనే వేలాడుతుంది. అందుకని గోరుతో పిన్ను కాళ్ళు రెండూ నిలబెట్టి, నడిమి కాగితాన్ని పైకెత్తి, మళ్ళీ బొటనవేలితో కాళ్ళు పడుకోబెట్టాలి. "గోళ్ళు కొరికేశాను నానమ్మా" అంది. చూస్తే నిజమే, కండ దాకా కొరికేసుకుంది. నా తలపిన్ను ఒకటి తీసిచ్చాను.

బడి లైబ్రరీలో మధ్యాహ్నం విరామం. బల్ల మీద కట్టలు విప్పి ఉన్నాయి. లైబ్రరీ మేడమ్ దీన్ని చూసి "ఎన్నాళ్ళకొచ్చావమ్మా!" అని దగ్గరికి తీసుకోబోతే ఇది ఒక అడుగు పక్కకి జరిగింది. ఏడెనిమిది మంది ఆడపిల్లలు అక్కడక్కడ కూర్చుని తిరగేస్తున్నారు. ఇది లోపలికి రాగానే ఒక్కొక్కరే తలెత్తారు. నా చెప్పులు దానికి వదులు, అడుగు వేస్తే టపటపమంటున్నాయి. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

కిటికీ దగ్గర పొడుగు జడ పిల్ల ఒకతి పత్రిక నడుమ తెరిచి పట్టుకుని ఉంది. పాటని ఫోన్లో పట్టింది ఆ పిల్లేనట, నాకు తర్వాత తెలిసింది.

"ఇది నీ రాతే కదా?" అంది.

"నాదే. ఇలా ఇవ్వు."

"మళ్ళీ షో మొదలుపెట్టావా? ఈసారి పుస్తకంలోనా?" వెనకెవరో కిసుక్కుమన్నారు.

"ఇలా ఇవ్వు."

"చదువుతున్నాగా."

"అది నీ కోసం రాసింది కాదు."

చిన్నది చెయ్యి చాచి నిలబడింది. అందరూ చూస్తున్నా ఆ చెయ్యి దించలేదు. నేను వెళ్ళి ఆ పిల్ల జడ పట్టుకోవాలన్నంత కోపమొచ్చింది. కానీ చిన్నది నన్ను చూసిన చూపుకి గోడకి అతుక్కుపోయాను. ఆఖరికి పొడుగు జడ పత్రికని బల్ల మీదికి విసిరేసి, "తీసుకో, ఎవరిక్కావాలి" అంది. పశ్చాత్తాపం లాంటిదేమీ లేదు ఆ మొహంలో, ఉందని నేను అబద్ధం చెప్పను.

చిన్నది కూర్చుంది. పిన్ను లేపడం, కాగితం తీయడం, పిన్ను మడవడం. వాళ్ళందరి ముందూ. నేనూ పక్కన కూర్చుని తీశాను. లైబ్రరీ మేడమ్ పిల్లల్ని పంపేయబోతే, "ఉండనివ్వండి, వాళ్ళ చేతుల్లోవి కూడా కావాలి" అంది ఇది. మొత్తం తొంభై ఏడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా తొంభై ఏడే. మూడు ప్రతులు ఎవరో పట్టుకెళ్ళిపోయారు. రెండు తరగతి గదులకి వెళ్ళి అడిగింది, గుమ్మంలో నిలబడి, తనే. ఎవరూ తమ దగ్గరుందని అనలేదు. మూడో గది ముందు ఆగి, "చాలు నానమ్మా" అంది.

గోడౌన్‌కి వచ్చేసరికి రెండున్నర. బైండింగు ఆడవాళ్ళు ఇద్దరు అన్నాలు మానుకుని పెద్దదానికి సాయం కూర్చున్నారు. పెద్దదాని వేళ్ళు పిన్నులు గుచ్చుకుని రక్తాలు. తీసిన కాగితాల మీద అక్కడక్కడ ఎర్రటి చుక్కలు. ఇంకా పదమూడు కట్టలున్నాయి. నేనూ చిన్నదీ కూర్చున్నాం. గళ్ళ చొక్కా ఒకసారి వచ్చి చూసి, చొక్కా చేతులు పైకి మడిచి, ఆయన కూడా ఒక కట్ట ముందు కూర్చున్నాడు. పది నిమిషాల్లో నాలుగు చింపాడు. "లే నాయనా, నీ వల్ల కాదు" అని నేనే లేపేశాను.

నాలుగుకి పది నిమిషాలుందనగా ఆఖరి కట్ట అయింది. వ్యాన్ వెళ్ళిపోయింది. మేస్త్రీ కాగితాలన్నీ దొంతరగా పేర్చి కోత మెషిన్ కింద పెట్టాడు. కత్తి దిగిన ప్రతిసారీ చిన్నది కళ్ళు మూసుకుంది.

అప్పుడు పెద్దది దాని ముందుకొచ్చి నిలబడింది. రక్తపు చేతులు వెనక దాచుకుంది.

"అడుగుదామనే అనుకున్నానే. నిన్న నీ తలుపు దాకా వచ్చాను."

"తెలుసు. నీ అడుగులు విన్నాను. నాలుగుసార్లు వచ్చావు." చిన్నది తలెత్తింది. "తడతావేమోనని చూశాను."

పెద్దది అక్కడే కింద కూర్చుండిపోయింది.

"అడిగుంటే ఇచ్చేదాన్నేమో అక్కా. ఇవ్వకపోయేదాన్నేమో. ఇప్పుడు నాక్కూడా తెలీదు."

అంతే అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే పెద్దది ఆ తిట్టునైనా పట్టుకుని లేచేది.

ఇంటికి నడిచే వెళ్ళాం. చిన్నది ముందు, నేను మధ్యలో, పెద్దది చాలా వెనక. ఆ తర్వాత నాలుగు నెలలు ఆ గదిలోకి పెద్దదానికి ప్రవేశం లేదు. గొళ్ళెం మాత్రం వేసుకునేది కాదు. తలుపు దగ్గరగా వేసి ఉండేది, తోస్తే తెరుచుకునేలా. పెద్దది తోయలేదు. రోజూ ఆఫీసు నుంచి వచ్చే వేళకి, ఆఫీసు లేకపోయినా, వచ్చి గుమ్మం బయట చాప వేసుకుని కూర్చునేది. ఒక్కోరోజు నేను కసురుకునేదాన్ని, నడుం పట్టేస్తుంది లేవే అని. లేచేది కాదు. ఐదో నెలలో ఒకరోజు నేను వంటగదిలోంచి చూస్తే చాప ఖాళీగా ఉంది. లోపల్నుంచి మాటలు వినబడుతున్నాయి. ఏం మాట్లాడుకున్నారో నేను పొంచి వినలేదు. నా జన్మలో మొదటిసారి.

చిన్నది వేరే బళ్ళో చేరి చదువు పూర్తిచేసింది. పాడుతుందా అంటావా? నాకు తెలీదు, నా ముందు పాడలేదు. పత్రిక మూడు సంచికలు వచ్చి ఆగిపోయింది. ప్రతి పేజీకీ వంకర గులాబీ గీత ఉండేదట. పోయిన ఆ మూడు కాగితాలు ఎవరి ఇళ్ళలో ఉన్నాయో ఇప్పటికీ తెలీదు. చిన్నది ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా, పుస్తకాల అర కనబడితే ముందు అటే చూస్తుంది. నేను గమనించాను.

నీకిది చెప్పాలనుకున్నప్పుడు పోయిన వారం చిన్నదానికి ఫోన్ చేశాను. "చెప్పనా?" అన్నాను. "చెప్పు నానమ్మా. పేజీలో ఏముందో మాత్రం చెప్పకు" అంది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! ఎవరినీ చదివి వినిపించమని నేను అడగలేదు, అడగను.

ఇక నువ్వు ఇది మర్చిపోకు తల్లీ. నాలాగా మూడేళ్ళ బడిదానివి కాదు, నీకు చదువుంది, రేపు నీ స్నేహితులకో పిల్లలకో చెప్పు, నీ చేత్తో రాసుకో కావాలంటే. నేను మేకని ఎక్కువ చేశానో, గళ్ళ చొక్కాని తక్కువ చేశానో, అదంతా నీ ఇష్టం వచ్చినట్టు సర్దుకో. అయితే చెప్పే ముందు ప్రతిసారీ చిన్నదానికి ఫోన్ చేసి అడుగు. నంబర్ ఆ క్యాలెండర్ వెనక రాసి ఉంది. వద్దంటే ఆ రోజుకి ఊరుకో.